పాత కారుకు కొత్త గ్యాసు



ఎండాకాలంలో రోడ్డు మీద కార్లు చూస్తూ ఉంటారు. అద్దాలన్నీ మూసి ఉంటాయి. బయట మనకు మాడు పగిలిపోతూ ఉంటుంది. లోపలివాళ్లు మాత్రం చొక్కా తడవకుండా కూర్చుని ఉంటారు. అదంతా ఏసీ చలవ.

"కారు సంగతి మనకెందుకండీ?" అంటారేమో. కారు మనది కాకపోవచ్చు. కానీ దాన్ని తోలే చేతులు మనవి. బాగుచేసే చేతులు మనవి. ఆ చేతులకు దెబ్బ తగిలితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే ఈ పాఠం.

బాబాయి కథ

మా రాత్రి బడికి ఒక బాబాయి వస్తాడు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పని చేస్తాడు. వయసు నలభై ఐదు దాటింది. ఇంజను శబ్దం విని జబ్బేమిటో చెప్పేస్తాడు. అక్షరాలు మాత్రం రెండేళ్ల కిందటి దాకా రావు. ఇప్పుడు కూడబలుక్కుని చదువుతాడు. వయసులో నేను ఆయన కొడుకంత ఉంటాను. అయినా "మాస్టారూ" అనే పిలుస్తాడు. వద్దన్నా వినడు.

ఒకరోజు బాబాయి బడికి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమైంది బాబాయ్?" అన్నాను.

"కంప్రెషర్ పోయింది మాస్టారూ. నా జీతంలో కోసుకుంటామన్నాడు ఓనరు" అన్నాడు.

సంగతి ఇదీ. 1994 నాటి అంబాసిడర్ కారు ఒకటి వాళ్ల షెడ్డుకు వచ్చింది. పెళ్లిళ్లకు తిప్పే కారు అది. తెల్లగా, పెద్దగా ఉంటుంది. పూలు కడితే పెళ్లికొడుక్కి బాగుంటుందని దాన్నే అడుగుతారట. దానికి ఎప్పుడో బయట ఏసీ బిగించారు. ఆ ఏసీ చల్లగా రావడం లేదు. డ్రైవరు వచ్చి "గ్యాసు తగ్గింది, కొట్టండి" అన్నాడు. బాబాయి షెడ్డులో ఉన్న సిలిండరు తెచ్చి గ్యాసు ఎక్కించాడు.

ఆ ఏసీలో ఒక చిన్న గాజు కన్ను ఉంటుంది. దాంట్లోంచి గ్యాసు పారడం కనిపిస్తుంది. బుడగలు వస్తుంటే గ్యాసు తక్కువని లెక్క. బుడగలు పోతే నిండిందని లెక్క. బాబాయి ఇరవై ఏళ్లుగా ఆ లెక్కనే నమ్ముకున్నాడు. ఈసారి ఎంత ఎక్కించినా బుడగలు పోలేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఎక్కించాడు.

మర్నాడు మధ్యాహ్నం కారు పెళ్లివారిని ఎక్కించుకుని బయలుదేరింది. మే నెల ఎండ. కంకిపాడు దగ్గర ముందువైపు ఢామ్మని పేలింది. తెల్లటి పొగ వచ్చింది. కారు అంటుకుందనుకుని పెళ్లివారు రోడ్డు మీదికి దూకారు. కారు అంటుకోలేదు. ఏసీ రబ్బరు పైపు పగిలింది. గ్యాసుతో పాటు లోపలి ఆయిల్ అంతా పోయింది. డ్రైవరు కంగారులో ఏసీ స్విచ్చి కట్టెయ్యలేదు. ఆయిల్ లేకుండా తిరిగి తిరిగి కంప్రెషర్ పట్టేసింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అంతవరకు అదృష్టం.

"నేను చేసిన తప్పేంటి మాస్టారూ? గ్యాసు తగ్గితే గ్యాసే కదా ఎక్కించింది?" అని అడిగాడు బాబాయి.

నాకూ తెలియదు. నేను చదివింది టీచరు ట్రైనింగు. కార్ల గురించి నాకేం తెలుసు? ఇద్దరం కలిసి ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఐటీఐలో చదివాడు. ఏసీ పనే చేస్తాడు. ఆయన ఓపిగ్గా అన్నీ చూపించాడు. విన్నది, చూసింది, తర్వాత నేను చదివి సరిచూసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

చల్లదనం ఎక్కణ్ణించి వస్తుంది?

మట్టికుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఎందుకని? కుండ గోడల్లోంచి నీరు చెమ్మగా బయటికి వస్తుంది. ఆ చెమ్మ ఆవిరి అవుతుంది. ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీళ్ల నుంచే లాక్కుంటుంది. అందుకని నీళ్లు చల్లబడతాయి. ఇంజక్షన్ చేసేముందు నర్సమ్మ స్పిరిటు రాస్తే చల్లగా అనిపిస్తుంది. అదీ ఇంతే.

కారు ఏసీలోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే నీటికి బదులు గ్యాసు ఉంటుంది. కారు లోపల డాష్ బోర్డు వెనక ఒక కాయిలు ఉంటుంది. దాన్ని కూలింగ్ కాయిల్ అంటారు. అక్కడ ద్రవం ఆవిరి అవుతుంది. కారులోని వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెషర్ పీల్చి గట్టిగా నొక్కుతుంది. సైకిల్ పంపు కొట్టినప్పుడు పంపు కింద వేడెక్కుతుంది కదా! అలాగే నొక్కిన గ్యాసు వేడెక్కుతుంది. అది కారు ముందున్న కండెన్సర్‌లోకి పోతుంది. అక్కడ గాలి తగిలి వేడి పోగొట్టుకుంటుంది. మళ్లీ ద్రవం అవుతుంది. తర్వాత డ్రయ్యర్ అనే డబ్బాలోకి వస్తుంది. అందులో తడిని పీల్చే గుళికలు ఉంటాయి. అక్కణ్ణించి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నటి దారిలోంచి మళ్లీ కాయిల్‌లోకి చిమ్ముతుంది.

అంటే గ్యాసు ఖర్చయ్యేది కాదు. పెట్రోలు లాంటిది కాదు. అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. మరి గ్యాసు తగ్గిందంటే? ఎక్కడో లీకు ఉందని అర్థం. లీకు కట్టకుండా గ్యాసు ఎక్కించడం చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే. షెడ్డుల్లో ఎక్కువగా జరిగేది అదే. డ్రైవర్లు అడిగేదీ అదే. లీకు వెతకడానికి సగం రోజు పడుతుంది. గ్యాసు కొట్టడానికి అరగంట చాలు. అందుకే ఎవరూ వెతకరు.

పన్నెండు నంబరు గ్యాసు

పాత కార్లలో ఉండే గ్యాసు పేరు ఆర్-12. చాలామంది ఫ్రియాన్ అంటారు. దీన్ని 1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ అనే ఆయన, ఆయన తోటివాళ్లు తయారుచేశారు. అంతకు ముందు ఫ్రిజ్‌లలో విషపు గ్యాసులు వాడేవారు. అవి లీకై ఇంట్లో మనుషులు చనిపోయేవారు. ఈ కొత్త గ్యాసుకు వాసన లేదు. అంటుకోదు. పీల్చినా అంత విషం కాదు. జనం సంతోషించారు. 1940 మోడలు ప్యాకార్డ్ కార్లలో మొదటిసారి కంపెనీవాళ్లే ఏసీ పెట్టి అమ్మారు. తర్వాత ప్రపంచమంతా కార్లలో ఆర్-12 వాడారు.

దాదాపు యాభై ఏళ్ల దాకా అందులోని కీడు ఎవరికీ తెలియలేదు.

మన తల మీద, ఆకాశంలో చాలా ఎత్తున ఓజోన్ అనే పొర ఉంది. అది సుమారు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఎక్కువగా ఉంటుంది. సూర్యుడి నుంచి వచ్చే చెడ్డ కిరణాలను అది ఆపుతుంది. గొడుగు లాంటిదనుకోండి. ఆ గొడుగు పలచబడితే చర్మానికి క్యాన్సర్, కంటికి శుక్లాలు పెరుగుతాయి. పంటలకూ చేటే.

ఆర్-12లో క్లోరిన్ ఉంటుంది. లీకైన గ్యాసు మెల్లగా పైకి పోతుంది. దాదాపు వందేళ్లు గాలిలో ఉంటుంది. పైన ఎండకు విడిపోతుంది. అప్పుడు క్లోరిన్ ఓజోన్‌ను తినేస్తుంది. మోలినా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లో ఈ మాట చెప్పారు. గ్యాసు కంపెనీలు ఒప్పుకోలేదు. 1985లో దక్షిణ ధ్రువం మీద ఓజోన్ బాగా పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అప్పుడు అందరూ కదిలారు. 1987లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. 1992లో మన దేశం అందులో చేరింది. 1995లో ఆ ఇద్దరికీ, క్రూట్జెన్ అనే ఇంకొకాయనకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

మన దేశంలో 2000 సంవత్సరంలో దీనికి నిబంధనలు వచ్చాయి. 2003 నుంచి కొత్త కార్ల ఏసీలలో ఆర్-12 పెట్టకూడదన్నారు. 2008 ఆగస్టు నుంచి మన దేశంలో ఆ రకం గ్యాసుల తయారీ ఆగిపోయింది. 2010కల్లా ప్రపంచమంతా ఆపేశారు.

ఇప్పుడు ఎవరైనా "ఒరిజినల్ పన్నెండు గ్యాసు ఉంది" అంటే ఆలోచించండి. అది ఎప్పటిదో పాత నిల్వ అయి ఉండాలి. లేదా నకిలీ అయి ఉండాలి. నకిలీ గ్యాసుతో ప్రాణాలు పోయాయి. వియత్నాంలో నకిలీ గ్యాసు నింపించుకున్న ఓడ కంటైనర్లు కొన్ని 2011లో పేలిపోయాయి. ముగ్గురు చనిపోయారు. ఆ నకిలీలో మిథైల్ క్లోరైడ్ అనే గ్యాసు కలిసింది. అది అల్యూమినియంతో చేరితే ప్రమాదం. కార్ల ఏసీల్లోనూ అల్యూమినియం భాగాలే ఎక్కువ.

రెండూ గ్యాసులే, కానీ ఒకటి కాదు

ఆర్-12 పోయి దాని చోట ఆర్-134ఎ వచ్చింది. షెడ్డుల్లో "నూట ముప్పై నాలుగు" అంటారు. ఇందులో క్లోరిన్ లేదు. ఓజోన్‌కు హాని లేదు. ఆర్-12 సున్నాకు 30 డిగ్రీలు కింద మరుగుతుంది. ఇది సున్నాకు 26 డిగ్రీలు కింద మరుగుతుంది. అంటే గుణం దగ్గర దగ్గరే. అందుకే పాత ఏసీని దీనికి మార్చుకోవచ్చు.

మార్చుకోవచ్చు అన్నాను. ఊరికే పోయొచ్చు అనలేదు. బాబాయి చేసింది పోయడం.

మొదటి తేడా ఆయిల్. కంప్రెషర్ అరగకుండా లోపల ఆయిల్ ఉంటుంది. అది గ్యాసుతో కలిసి తిరిగి మళ్లీ కంప్రెషర్‌కు చేరాలి. ఆర్-12లో మినరల్ ఆయిల్ వాడేవారు. అది ఆర్-12లో బాగా కలుస్తుంది. ఆర్-134ఎలో కలవదు. నీళ్లలో నూనె వేసినట్టు విడిగా ఉండిపోతుంది. మూలమూలలా నిలిచిపోతుంది. కంప్రెషర్ ఎండిపోతుంది. కొత్త గ్యాసుకు పాగ్ ఆయిల్ గానీ ఎస్టర్ ఆయిల్ గానీ కావాలి. పాత ఏసీని మార్చేటప్పుడు ఎక్కువమంది ఎస్టర్ వాడతారు. పాత ఆయిల్, పాత క్లోరిన్ కొంచెం మిగిలినా అది తట్టుకుంటుంది. పాగ్ అంతగా తట్టుకోదు. పైగా పాగ్ గాలిలోని తడిని తొందరగా పీల్చేస్తుంది. దాని డబ్బా మూత తీసి ఉంచి టీ తాగడానికి వెళ్లకూడదు.

రెండో తేడా ఒత్తిడి. ఎండలో, కండెన్సర్ బాగా వేడెక్కినప్పుడు ఆర్-134ఎ ఒత్తిడి ఆర్-12 కంటే ఎక్కువ. రెండు గ్యాసులూ కలిస్తే ఇంకా పెరుగుతుంది. బాబాయి కారులో పాత గ్యాసు కొంత మిగిలే ఉంది. దాని మీద కొత్తది కొట్టాడు.

మూడోది ఆ గాజు కన్ను. ఇక్కడే బాబాయి నోరు తెరిచాడు. ఆర్-134ఎ సరిగ్గా ఉన్నా కన్నులో బుడగలు కనిపించవచ్చు. పాలలాగా తెల్లగా కూడా కనిపించవచ్చు. కన్నును నమ్మి నింపితే ఎక్కువైపోతుంది. కంకిపాడు దగ్గర పైపు పగలడానికి అసలు కారణం అదే.

"అయితే ఎంత ఎక్కించాలి?" అన్నాడు బాబాయి.

"తూకం వేసి ఎక్కించాలి. కూరగాయలు తూచినట్టు" అన్నాడు మెకానిక్.

లెక్క ఇలా వేస్తారు. పాత గ్యాసు ఎంత పట్టేదో రేకు మీద రాసి ఉంటుంది. కొత్త గ్యాసు అందులో నూటికి 80 వంతులతో మొదలుపెట్టాలి. 90 వంతులు దాటకూడదు. అంబాసిడర్ ఏసీ రేకు మీద 900 గ్రాములని ఉంది. 900లో నూటికి 80 అంటే 720 గ్రాములు. నూటికి 90 అంటే 810 గ్రాములు. ఈ లెక్క బాబాయి మా బడి పలక మీద తనే చేశాడు. మీరూ ఒకటి చేయండి. రేకు మీద 1,000 గ్రాములు ఉంటే ఎంతతో మొదలుపెట్టాలి? ఎంత దాటకూడదు?

మార్చే పని

ఆ కారు మళ్లీ పనిలోకి వచ్చింది. ఈసారి బాబాయి ఆ మెకానిక్ పక్కన నిలబడి చేశాడు. నేనూ చూశాను. రెండు రోజులు పట్టింది.

ముందు లోపల మిగిలిన గ్యాసును మెషీనుతో వేరే సిలిండరులోకి లాగారు. పైపు విప్పి గాలిలోకి వదిలెయ్యడం తప్పు. వదిలినవాడికీ ప్రమాదమే. ఆ గ్యాసు గాలి కంటే బరువు. షెడ్డు గుంటలో నిలుస్తుంది. గుంటలో పనిచేసేవాడికి ఊపిరాడదు. గుంటలో కూర్చుని బీడీ వెలిగిస్తే ఇంకా ప్రమాదం. గ్యాసు మంటలోంచి పోతే విషపు గ్యాసులు పుడతాయి. లోపల గ్యాసు ఉండగా పైపులకు వెల్డింగు పెట్టకూడదన్నది కూడా ఇందుకే. లాగిన సిలిండరు మీద "పాత గ్యాసు, కల్తీ" అని రాశారు. రెండు గ్యాసులు కలిసిన దాన్ని మళ్లీ ఏ కారుకూ ఎక్కించకూడదు. అలాంటి గ్యాసు తీసుకుని శుద్ధి చేసేవాళ్లకో నాశనం చేసేవాళ్లకో అప్పగించాలి.

తర్వాత పాడైన కంప్రెషర్ విప్పారు. లోపల లోహం పొడి రాలింది. వెండి రంగులో మెరుస్తూ ఉంది. ఆ పొడి కండెన్సర్ సందుల్లోకీ పోయింది. సన్నని పైపుల కండెన్సర్ కడిగినా శుభ్రం కాదు. అందుకని కొత్తది వేశారు. ముందున్న దానికంటే ఎక్కువ వేడి వదిలే రకం ఇది. దాని ముందు ఒక కరెంటు ఫ్యాను కూడా బిగించారు. మన ఎండలకు అది ఉండాల్సిందే. చలిదేశాల్లో పాత కండెన్సర్‌తో సరిపోవచ్చు. ట్రాఫిక్‌లో ఆగి ఉన్న కారుకు మే నెలలో అది చాలదు.

కాయిలును కడిగే మందుతో కడిగి నైట్రోజన్‌తో ఊదారు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చారు. రబ్బరు పైపులు కొత్తవి వేశారు. పాత రబ్బరులోంచి కొత్త గ్యాసు మెల్లగా చెమ్మగిల్లినట్టు బయటికి పోతుంది. కొత్త రకం పైపులో లోపల నైలాన్ పొర ఉంటుంది. కీళ్ల దగ్గరుండే ఓ రింగులన్నీ తీసి కొత్తవి వేశారు. అవి ఎక్కువగా ఆకుపచ్చ రంగులో వస్తాయి. వేసేముందు ఆయిల్ రాశారు. పొడిగా వేస్తే నలిగి చిరుగుతాయి.

డ్రయ్యర్ తప్పకుండా మార్చాలి. పాత డ్రయ్యర్‌లోని గుళికలు కొత్త గ్యాసుకు పనికిరావు. కొత్త డ్రయ్యర్ మీద ఏ గ్యాసుకో రాసి ఉంటుంది. బాబాయి చదివాడు. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాడు. దాని మూతలు చివరి దాకా తీయనివ్వలేదు మెకానిక్. ముందే తీస్తే గాలిలోని తడి పీల్చేస్తుంది. ఇక అది ఎందుకూ పనికిరాదు.

గ్యాసు ఎక్కించే మొనలు కూడా మార్చారు. ఆర్-12 మొనలకు మరలు ఉంటాయి. ఆర్-134ఎ మొనలు నొక్కి తగిలించే రకం. తప్పు గ్యాసు ఎక్కకూడదనే వేరు వేరుగా పెట్టారు. కొందరు రెండింటికీ పట్టే అడాప్టరు జేబులో వేసుకుని తిరుగుతారు. తెలివి అనుకుంటారు! గేజీలు, పైపులు కూడా ఏ గ్యాసువి ఆ గ్యాసుకే ఉంచాలి.

ఒత్తిడి మితిమీరితే కంప్రెషర్‌ను ఆపే స్విచ్చి ఒకటి ఉంటుంది. ఆ అంబాసిడర్‌కు అది లేదు. ఇప్పుడు పెట్టారు. అది ఉండి ఉంటే ఆ రోజు పైపు పగిలేది కాదు.

లీకు చూడటం

అన్నీ బిగించాక లీకు చూడాలి. దీనికి నైట్రోజన్ వాడాలి. సిలిండరుకు రెగ్యులేటరు ఉండాలి. నైట్రోజన్ నింపి కీళ్ల మీద సబ్బు నురగ పూశారు. ఒకచోట సన్నగా బుడగ లేచింది. మళ్లీ బిగించారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వెల్డింగు ఆక్సిజన్‌తో లీకు చూసేవాళ్లు ఉన్నారు. ఆక్సిజన్, ఆయిల్ ఒత్తిడిలో కలిస్తే పేలుతుంది. బాంబు లాగే పేలుతుంది. టైర్లకు కొట్టే గాలి కూడా వద్దు. అందులో తడి ఉంటుంది. పైగా ఆర్-134ఎ, గాలి కలిసి ఒత్తిడిలో ఉంటే అదీ అంటుకునే ప్రమాదం ఉంది.

లీకు లేదని తేలాక వ్యాక్యూమ్ పంపు పెట్టారు. లోపలి గాలిని, తడిని అది లాగేస్తుంది. ముప్పావు గంట నడిపారు. పంపు ఆపి, వాల్వులు మూసి అరగంట ఆగారు. ముల్లు కదల్లేదు. కదిలితే ఎక్కడో లీకున్నట్టు, లేదా తడి మిగిలినట్టు. తడి మిగిలితే సన్నదారిలో మంచు గడ్డ కట్టి ఏసీ ఆగిపోతుంది. గ్యాసుతో కలిసి ఆమ్లం కూడా అవుతుంది. అది లోపలి భాగాలను తినేస్తుంది. చాలా షెడ్డుల్లో ఈ పంపు పని పది నిమిషాల్లో ముగిస్తారు. ఫ్రిజ్ కంప్రెషర్‌నే పంపుగా వాడేవాళ్లూ ఉన్నారు. అది సరిపోదు.

గ్యాసు ఎక్కించడం

సిలిండరును తూకం మీద పెట్టారు. ఇంజను నడుస్తూ ఉండగా తక్కువ ఒత్తిడి వైపు నుంచే ఎక్కించాలి. ఆ వైపు గేజీ నీలం రంగు. ఎర్రది ఎక్కువ ఒత్తిడి వైపు. ఇంజను నడుస్తుంటే ఎర్ర వాల్వు తెరవకూడదు. తెరిస్తే ఒత్తిడి వెనక్కి తన్ని సిలిండరు పేలవచ్చు. సిలిండరు నిలువుగా ఉంచాలి. తలకిందులు చేస్తే ద్రవం పోయి కంప్రెషర్ విరుగుతుంది. గ్యాసు తొందరగా దిగడానికి సిలిండరును మంట మీద పెట్టకూడదు. సలసల కాగే నీళ్లలోనూ పెట్టకూడదు. గోరువెచ్చని నీళ్లు చాలు.

కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. ద్రవం చర్మం మీద పడితే ఆ చోట మంచులా గడ్డకడుతుంది. కాలినంత గాయం అవుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే రుద్దొద్దు. గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆసుపత్రికి పోవాలి.

మొదట 720 గ్రాములు పోశారు. ఆగారు. గేజీలు చూశారు. కొంచెం కొంచెం పెంచి 760 దగ్గర ఆపారు. నీలం గేజీ 40 దగ్గర నిలిచింది. ఎర్ర గేజీ 240 దగ్గర ఉంది. అది మంచి ఎండపూట. కాబట్టి అది సరైనదే. 300 దాటుతుంటే ఆపి కారణం వెతకాలన్నాడు మెకానిక్. డ్రైవరు గాజు కన్నులోకి తొంగిచూశాడు. "బుడగలు ఇంకా ఉన్నాయి, ఇంకొంచెం కొట్టు" అన్నాడు. బాబాయి కొట్టలేదు.

చవక దారులు

ఖర్చు విని డ్రైవరు మొదట గొణిగాడు. "వంటగ్యాసు కొట్టినా చల్లబడుతుందట కదా?" అన్నాడు. చల్లబడే మాట నిజమే. కానీ కూలింగ్ కాయిల్ ఉండేది కారు లోపల. అక్కడ లీకైతే గ్యాసు మూసిన కారులో నిండుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. దాని కోసం తయారుచెయ్యని ఏసీలో అంటుకునే గ్యాసు పొయ్యకూడదు.

ఇంటి ఏసీలలో వాడిన ఆర్-22 కూడా కొందరు కారుకు కొడతారు. దాని ఒత్తిడి చాలా ఎక్కువ. పాత కారు పైపులు ఆగవు.

అలాగని ఆర్-134ఎ పూర్తిగా మంచిదని కాదు. ఓజోన్‌కు హాని చెయ్యదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో గాలిలో కలిస్తే సుమారు 1,400 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినంత చేటు. పాత ఆర్-12 అయితే అంతకు ఏడెనిమిది రెట్లు. అందుకే 2016లో రువాండాలోని కిగాలి నగరంలో దేశాలు మళ్లీ ఒప్పందం చేసుకున్నాయి. 2021లో మన దేశం ఒప్పుకుంది. మెల్లమెల్లగా ఈ రకం గ్యాసులను కూడా తగ్గిస్తారు. దీన్నీ గాలికి వదలకూడదు.

సిలిండరు రంగు

ఇంతకీ బాబాయి ఆ రోజు తప్పు సిలిండరు ఎందుకు తీశాడు? నేను అడిగాను.

"రంగును బట్టి గుర్తుపెట్టుకునేవాణ్ణి మాస్టారూ. తెల్లది పన్నెండు. లేత నీలంది నూట ముప్పై నాలుగు. ఆ సిలిండరు బూడిద రంగులో ఉంది. కొత్త సరుకు కదా, ఏదైతేనేం అనుకున్నా" అన్నాడు.

ఆయన చెప్పిన రంగులు ఒకప్పుడు నిజమే. కానీ ఆ రంగుల పద్ధతి పోతోంది. వేరు వేరు గ్యాసులకూ ఒకే బూడిద రంగు సిలిండర్లు వస్తున్నాయి. ఇక రంగు చూసి లాభం లేదు. మీద రాసిన అంకె చదవాలి. 12 అంటే రెండు అంకెలు. 134 అంటే మూడు. 22 అన్నా రెండే. చదవడం రాకపోతే అంకెల బొమ్మలైనా గుర్తుపట్టాలి.

గ్యాసు మార్చిన కారుకు ఒక చీటీ అంటించాలి. ఏ గ్యాసు, ఎంత, ఏ ఆయిల్, ఏ తేదీ, ఎవరు చేశారు అని రాయాలి. రేపు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్ మూత తీస్తే అతనికి తెలియాలి. పాత రేకు కనబడకుండా కొట్టెయ్యాలి.

చీటీ ఎవరు రాస్తారని మెకానిక్ అడిగాడు. నేను పెన్ను తీశాను. బాబాయి నా చేతిలోంచి లాక్కున్నాడు. బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు.

గ్యాసు: ఆర్-134ఎ
తూకం: 760 గ్రాములు
ఆయిల్: ఎస్టరు

"గ్రాములు"కు క్రావడి మరిచిపోయి "గాములు" అని రాశాడు. నేను చూపించాను. దిద్దుకున్నాడు. తేదీ వేశాడు. కింద సంతకం చేశాడు. చీటీ మీద నూనె మరక పడింది. చొక్కాతో తుడిచి దాని మీద పారదర్శకంగా ఉండే టేపు అంటించాడు.

కంప్రెషర్ డబ్బులు ఇంకా నాలుగు నెలలు జీతంలోంచి పోతాయి. ఆ సంగతి ఓనరుతో మాట్లాడాం. ఆయన సగానికి ఒప్పుకున్నాడు. మిగతా సగం బాబాయిదే.